నడుము ఎమ్మారై నార్మల్ అన్నారు, మరి నొప్పి ఎందుకు పోవట్లేదు?

పోయిన ఎపిసోడ్‌లో నడుము నొప్పుల గురించి మాట్లాడుకున్నాం కదా. చివర్లో వెన్నుకు వచ్చే వాపు కీళ్లవాతం గురించి రెండు ముక్కలు చెప్పి, స్కానింగుల సంగతి విడిగా రాసిపెడతానన్నాను. ట్రాన్స్‌క్రిప్ట్ చదివినవాళ్లకు తెలుసు, అక్కడ ఎక్స్‌రే, ఎమ్మారై, సీటీ అని గబగబా పేర్లు చెప్పేసి వెళ్లిపోయాను. వినేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, ఎమ్మారై కూడా తీయించాం, ఏమీ లేదన్నారు. ఇంకేం చేయాలి?" దీనికి నేను ముందు అడిగేది ఇంకో ప్రశ్న. ఆ ఎమ్మారై దేనికి తీశారు? నడుముకా, నడుము కింద ఉన్న కీలుకా?

నేను డాక్టర్ని కాదు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి, ఇప్పుడు చాండ్లర్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ పని చేస్తున్నాను. మా చిన్నాన్న కొడుక్కి ఈ జబ్బు ఉందని తేలడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో రిపోర్టులు చదివి, కనబడిన డాక్టర్నల్లా అడిగి తెలుసుకున్నదే ఇదంతా. మందుల సంగతి మీ డాక్టర్ దగ్గరే తేల్చుకోండి. బొమ్మల సంగతి మాత్రం నాకు కాస్త అర్థమవుతుంది, పొద్దున లేస్తే డ్రాయింగులు చదివే పని కాబట్టి.

ముందు జబ్బు గురించి. దీన్ని యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. ఇప్పుడు డాక్టర్లు ఇంకా విశాలంగా యాక్సియల్ స్పాండిలోఆర్థ్రైటిస్ అంటున్నారు. అరుగుదల వల్లనో, డిస్కు జారడం వల్లనో వచ్చే నొప్పి కాదు ఇది. మన ఒంట్లో రోగనిరోధక శక్తి మన కీళ్ల మీదనే తిరగబడితే వచ్చే వాపు. చాలామందిలో మొదలయ్యేది నడుములో కూడా కాదు, పిరుదుల దగ్గర. వెన్నెముక అడుగున సాక్రమ్ అని ముక్కోణం ఆకారంలో ఒక ఎముక ఉంటుంది. దానికి అటూ ఇటూ తుంటి ఎముకలు వచ్చి కలుస్తాయి. ఆ రెండు అతుకులే సాక్రోఇలియాక్ కీళ్లు. పై బరువంతా కాళ్లలోకి దిగేది వాటి మీదుగానే. మా భాషలో చెప్పాలంటే కాలమ్ వచ్చి ఫుటింగ్ మీద కూర్చునే చోటు.

ఈ నొప్పికి ఒక గుర్తు ఉంది. మామూలు నడుము నొప్పి పని చేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఇది తిరకాసు. పడుకుంటే పెరుగుతుంది, తిరిగితే తగ్గుతుంది. రాత్రి రెండో సగంలో మెలకువ వస్తుంది. పొద్దున్నే లేవగానే అరగంటకు పైగా ఒళ్లు కర్రలాగా బిగుసుకుని ఉంటుంది. ఒకసారి కుడి పిరుదు, ఇంకోసారి ఎడమ పిరుదు నొప్పి పెడతాయి. సాధారణంగా 45 ఏళ్లలోపే మొదలవుతుంది, ఎక్కువమందికి ఇరవైల్లోనే.

ఇక్కడే మన పనివాళ్లకు మోసం జరుగుతుంది. మా వాడు నాతో అన్న మాట ఇదీ: "అన్నా, సైటులో ఉంటే బానే ఉంటది. ఆదివారం పడుకుంటేనే లేవలేకపోతన్నా." ఈ మాట వాడు డాక్టర్ దగ్గర ఒక్కసారీ చెప్పలేదు. "బరువులు ఎత్తే పని సార్, నడుము నొప్పి" అని మాత్రమే చెప్పాడు. బరువులు ఎత్తేవాడు నడుము నొప్పి అంటే ఎవరైనా డిస్కు కోసమే చూస్తారు. నడుము ఎమ్మారై రాశారు. అందులో ఒక డిస్కు కొంచెం ఉబ్బి ఉంది. ఇరవై ఏడేళ్లకే బరువులు మోసేవాడి నడుములో అలాంటిది కనబడటం వింత కాదు. నొప్పి దానిదే అనుకుని బెల్టు, బిళ్లలు, రెస్టు ఇచ్చారు. రెస్టు తీసుకున్నకొద్దీ నొప్పి ఇంకా ఎక్కువైంది.

సరే, బొమ్మల దగ్గరకు వద్దాం. అన్నిటికన్నా పాతది ఎక్స్‌రే. తుంటికి ఒక ఎక్స్‌రే తీసి, రెండు సాక్రోఇలియాక్ కీళ్లనూ చూసి సున్నా నుంచి 4 దాకా గ్రేడు వేస్తారు. సున్నా అంటే మామూలు. 1 అంటే అనుమానం. 2 అంటే కీలు అంచుల్లో అక్కడక్కడ చిన్న కొరుకుడు, గట్టిపడటం. 3 అంటే స్పష్టంగా పాడైంది. 4 అంటే కీలు పూర్తిగా అతుక్కుపోయి ఒకే ఎముకైపోయింది. 1984లో సవరించిన న్యూయార్క్ ప్రమాణాలు అని ఉన్నాయి. వాటి ప్రకారం రెండు వైపులా కనీసం గ్రేడు 2 గానీ, ఒకవైపు గ్రేడు 3 లేదా 4 గానీ ఉండి, దాంతోపాటు నొప్పి లేదా నడుము, ఛాతీ కదలిక తగ్గడం లాంటివి ఉంటేనే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని రాస్తారు.

ఇందులో చిక్కేమిటంటే, ఎక్స్‌రే చూపించేది జరిగిపోయిన నష్టాన్ని. స్లాబులో స్టీలు తుప్పు పట్టి ఉబ్బితే, కొన్నేళ్లకు కాంక్రీటు పెచ్చులూడి బయటికి కనబడుతుంది. కనబడిన రోజున మొదలైన తుప్పు కాదది. అలాగే కీలులో వాపు మొదలైన చాలా ఏళ్లకు గానీ ఎక్స్‌రేలో ఎముక మార్పు కనబడకపోవచ్చు, కొందరిలో ఎప్పటికీ కనబడదు. ఇంకో సంగతి, గ్రేడు 1, 2 మధ్య తేడా చెప్పడంలో అనుభవం ఉన్న రేడియాలజిస్టులకే ఒకరితో ఒకరికి పడదు. పైన పేగులు, గాలి అడ్డం, కీలేమో వంకర. నిటారుగా ఉన్న గోడను ఫొటో తీసినట్టు ఉండదు.

ఎమ్మారై ఈ చిక్కును విప్పింది. ఎముక లోపల మూలుగలో వాపు వల్ల నీరు చేరితే, ఎముక ఇంకా చెక్కుచెదరక ముందే అది చూపించగలదు. గోడ పగలక ముందే చెమ్మను చూసే మీటర్లు మా దగ్గర ఉంటాయి, అలాంటిదన్నమాట. కానీ ఆ చెమ్మ కనబడాలంటే స్కానును సరైన పద్ధతిలో తీయాలి. స్టిర్ అని ఒక రకం సీక్వెన్సు ఉంది. అది కొవ్వు నుంచి వచ్చే వెలుగును నల్లగా చేసి, నీటిని తెల్లగా చూపిస్తుంది. మూలుగలో కొవ్వు ఎక్కువ కాబట్టి, దాన్ని నల్లగా చేస్తే గానీ వాపు బయటపడదు. దాంతోపాటు టీ1 అనే సీక్వెన్సు. అందులో ఎముక అంచులు తిన్నచోట్లు, పాత వాపు మానిన చోట చేరిన కొవ్వు కనబడతాయి. రంగు మందు ఇంజెక్షను సాధారణంగా అవసరం పడదు.

ఇక నేను ముందు అడిగిన ప్రశ్న. మామూలు నడుము ఎమ్మారై డిస్కుల కోసం గీసిన కోత. సాక్రోఇలియాక్ కీళ్లు అందులో పూర్తిగా రావు, ఒక మూల కొంచెం కనబడితే కనబడినట్టు. డ్రాయింగులు చూసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సెక్షను ఏ-ఏ గీత మెట్లకు ఇవతల నుంచి పోతే, ఆ షీటులో మెట్లు ఉండవు. మెట్లు లేవని కాదు కదా దాని అర్థం! సాక్రోఇలియాక్ కీళ్లకు తీసేటప్పుడు సాక్రమ్ ఎముక ఏ వాలులో ఉందో ఆ వాలు వెంబడే కోతలు పెడతారు. అది వేరే స్కాను, వేరే ఆర్డరు. కాబట్టి "ఎమ్మారై నార్మల్" అని ఎవరైనా అంటే, రిపోర్టు మీద ఏం రాసి ఉందో చూడండి. "లంబార్ స్పైన్" అని ఉంటే అది నడుముది. "సాక్రోఇలియాక్ జాయింట్స్" అని ఉంటేనే మనం మాట్లాడుకునేది.

మా వాడికి ఆరో ఏట ఒక రుమటాలజిస్టు పొద్దున బిగుసుకుపోవడం గురించి అడిగి, ఈ రెండో స్కాను రాశారు. రెండు కీళ్లూ స్టిర్‌లో తెల్లగా వెలిగాయి. ఇలా ఆలస్యం కావడం వాడొక్కడి కథ కాదు. ప్రపంచమంతటా చూసినా నొప్పి మొదలైన దగ్గర్నుంచి జబ్బు పేరు తేలేసరికి సగటున ఆరేడేళ్లు పడుతోంది.

స్కానుకు వెళ్లే మన సైటు వాళ్లకు ఒక జాగ్రత్త. గ్రైండింగు, వెల్డింగు చేసినవాళ్లు, కంట్లో ఎప్పుడైనా ఇనప రవ్వ పడి ఉంటే ఎమ్మారై టెక్నీషియనుకు తప్పకుండా చెప్పాలి. లోపల చిన్న ముక్క మిగిలి ఉన్నా అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది, చూపు పోవచ్చు. అందుకే ముందు కంటికి ఎక్స్‌రే తీసి చూస్తారు. ఫారంలో ఆ ప్రశ్న దగ్గర ఊరికే "లేదు" అని టిక్కు పెట్టి పోకండి.

ఇంత చెప్పాక ఎమ్మారై దేవుడు అనుకుంటారేమో, అదీ కాదు. తెల్లగా వెలిగినవన్నీ ఈ జబ్బు కాదు. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో ఏ జబ్బూ లేని రన్నర్లకు, ఐస్ హాకీ ఆటగాళ్లకు ఈ కీళ్ల స్కాను తీస్తే, సుమారు మూడోవంతు మందిలో జబ్బు అనిపించేంత తెలుపు కనబడింది. కాన్పు అయిన కొన్ని నెలల దాకా ఆడవాళ్లలోనూ కనబడొచ్చు. బరువులు, కుదుపులు ఆ కీలు మీద పడితే మూలుగలో చెమ్మ చేరుతుంది, అంతే. రోజంతా బరువులు మోసే మనవాళ్లకూ అలాంటిది ఉండదని ఎవరు చెప్పగలరు? అందుకే మంచి డాక్టరు ఒక చుక్క చూసి తీర్పు చెప్పరు. వాపు ఎంత లోతుకు వెళ్లింది, అంచులు తినేసిందా, కథ కలుస్తుందా అని చూస్తారు.

ఆ కథను కలిపే పద్ధతి 2009లో ఆసాస్ అనే అంతర్జాతీయ డాక్టర్ల బృందం రాసింది. 45 ఏళ్లలోపు మొదలై మూడు నెలలకు పైగా నడుము నొప్పి ఉండాలి. అప్పుడు రెండు దారులు. ఎక్స్‌రేలోనో ఎమ్మారైలోనో కీలు వాపు ఉండి, ఇంకో గుర్తు కనీసం ఒకటి ఉండటం ఒక దారి. రక్తంలో హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యువు ఉండి, ఇంకో రెండు గుర్తులు ఉండటం రెండో దారి. గుర్తులంటే కన్ను ఎర్రబడి నొప్పి పెట్టే యువిఐటిస్, మడమ నొప్పి, సోరియాసిస్, పేగు వాపు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండటం లాంటివి. ఇది పరిశోధనలకు మనుషుల్ని ఎంచడానికి రాసింది, ఇంట్లో కూర్చుని మనకు మనం టిక్కులు పెట్టుకోవడానికి కాదు. బీ27 ఒక్కటీ పాజిటివ్ వచ్చిందని బెంగపడేవాళ్లకు ఒక లెక్క: అమెరికాలో నూటికి ఆరుగురిలో ఆ జన్యువు ఉంది, వాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు ఎప్పటికీ రాదు.

సీటీ స్కాను ఎముక అంచుల్ని ఎక్స్‌రే కన్నా చాలా బాగా చూపిస్తుంది, ఎమ్మారై తీయలేని చోట పనికొస్తుంది, కానీ వాపును చూపించదు. అల్ట్రాసౌండు, బోన్ స్కాను ఈ కీలు నిర్ధారణకు సిఫారసు చేయరు.

ఇప్పుడు మా ఊరి సంగతి. ఇది ఎపిసోడ్‌లో అసలు చెప్పలేదు. మాది కనిగిరి వైపు. మా చిన్నప్పుడు వీధిలో నడుము వంగిపోయి, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పే పెద్దవాళ్లు కనబడేవాళ్లు. ఎవరికైనా అలాంటి వెన్ను ఎక్స్‌రే ఒక్కటీ చేతికిస్తే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనుకునే ప్రమాదం ఉంది. కానీ అది నీళ్ల వల్ల వచ్చింది. మన దేశంలో మనుషులకు ఫ్లోరోసిస్ వస్తోందని మొట్టమొదట రాసింది మా ప్రాంతం గురించే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయనతోపాటు పండిట్, రాఘవాచారి కలిసి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, అది 1970లో ఏర్పడింది. తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. హైదరాబాదులో న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి గారు ఫ్లోరోసిస్ వెన్నుపామును ఎలా నొక్కేస్తుందో ఏళ్ల తరబడి చూసి రాశారు.

ఈ రెండు జబ్బుల్లోనూ వెన్నుపూసల చుట్టూ ఉండే లిగమెంట్లు ఎముకలాగా గట్టిపడతాయి, వెన్ను వంగదు. మరి బొమ్మలో తేడా ఎలా పట్టాలి? మొదటిది ఎముక రంగు. ఫ్లోరోసిస్‌లో తుంటి, వెన్నుపూసలు సుద్దలాగా తెల్లగా, దట్టంగా కనబడతాయి. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో బయట వెదురు గెడలాగా అతుక్కున్నా, ముదిరేకొద్దీ ఎముక లోపల బోలుగా, పల్చగా అవుతుంది. బయటి ఆ ఆకారం వల్లే దాన్ని వెదురు వెన్ను అంటారు. రెండోది ముంజేయి. మోచేతికీ మణికట్టుకూ మధ్య రెండు ఎముకల నడుమ ఒక పొర ఉంటుంది. ఫ్లోరోసిస్‌లో ఆ పొర గట్టిపడి ఎక్స్‌రేలో ముళ్లలాగా కనబడుతుంది. నడుము నొప్పికి ముంజేయి ఎక్స్‌రే ఎందుకని విసుక్కోకండి, దాని విలువ ఇదే. మూడోది సాక్రోఇలియాక్ కీలు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో కీలు అంచులే తినేసి, తర్వాత అతుక్కుంటాయి. ఫ్లోరోసిస్‌లో చుట్టూ ఉన్న లిగమెంట్లు గట్టిపడి కీలును కప్పేస్తాయి, మామూలు ఎక్స్‌రేలో రెండూ ఒకేలా అనిపించొచ్చు. దాంతోపాటు చిన్నప్పటి నుంచి ఆ నీళ్లే తాగి ఉంటే పళ్ల మీద గారలు, మూత్రంలో, తాగే నీటిలో ఫ్లోరైడ్ పరీక్ష. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఇది అమెరికాలో ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడి రేడియాలజిస్టు కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మ చదువుతాడు. మీరు కనిగిరి బోరు నీళ్లు ఇరవై ఏళ్లు తాగారని ఆయనకు ఎలా తెలుస్తుంది? ఆ బోరు మాట మీరు చెప్పాలి. ఫ్యామిలీ డాక్టరుతో ఆర్డరు మీద ఆ ముక్క రాయించాలి. ఫ్లోరోసిస్ ఉన్నవాడికి వాపు మందులు ఇచ్చి లాభం లేదు, వాపు ఉన్నవాడిని నీళ్ల జబ్బని వదిలేస్తే కీళ్లు అతుక్కుపోతాయి.

చాండ్లర్‌లో ఉన్నవాళ్లకు ఇంకో రెండు మాటలు. ఇక్కడ చాలా ఇన్సూరెన్సు ప్లాన్లు ఎమ్మారైకి ముందుగా అనుమతి అడుగుతాయి. ముందు ఎక్స్‌రే, ఆరు వారాల ఫిజియోథెరపీ లాంటివి అయ్యాయా అని చూస్తాయి. ఊళ్లో అయితే చీటీ పట్టుకుని డయాగ్నస్టిక్ సెంటరుకు పోయి, డబ్బు కట్టి సాయంత్రానికి ఫిల్ము తెచ్చుకుంటాం. రెండింటిలో ఏది మేలో చెప్పలేను. అక్కడ తొందరగా తప్పు చోట తీస్తారు, ఇక్కడ సరైన చోటుకు ఆలస్యంగా తీస్తారు. రుమటాలజిస్టు చేత ఆర్డరు రాయించి, వాపు నొప్పి గుర్తులన్నీ అందులో పెట్టిస్తే అనుమతి రావడం కొంత తేలిక.

రెండోది దుమ్ము. వానాకాలంలో ఇక్కడ గోడలాగా లేచివచ్చే దుమ్ము తుఫాను మీరు చూసే ఉంటారు. ఈ ఎడారి మట్టిలో కాక్సిడియాయిడీస్ అనే బూజు ఉంటుంది. దాన్ని పీలిస్తే వచ్చేదే వ్యాలీ ఫీవర్. మట్టి తవ్వే పనివాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. చాలామందికి జలుబులాగా వచ్చి పోతుంది. కొద్దిమందిలో మాత్రం ఎముకల్లోకి, వెన్నులోకి పాకుతుంది. అప్పుడు అది కూడా వెన్ను ఎమ్మారైలో తెల్లగా వెలుగుతుంది. మన దేశంలో వెన్ను క్షయ ఎలాగో ఇక్కడ ఇది అలాగ. పైగా ఈ కీళ్లవాతానికి ఇచ్చే టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్లు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, లోపల నిద్రపోతున్న క్షయనూ బూజునూ లేపగలవు. 2008లో ఎఫ్‌డీఏ ఈ బూజు జబ్బుల గురించి హెచ్చరిక కూడా ఇచ్చింది. అందుకే ఇంజెక్షను మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఇక్కడ ఆరిజోనాలో వ్యాలీ ఫీవర్ రక్తపరీక్ష కూడా చేస్తారు. ఇండియాలో మందు మొదలుపెట్టి ఇక్కడికి వచ్చినవాళ్లు "నేను మట్టి పనిలో ఉన్నాను" అని కొత్త డాక్టరుకు చెప్పండి.

చివరిగా సూపర్‌వైజర్లకు, ఫోర్‌మన్లకు. వెన్ను ఇప్పటికే అతుక్కుపోయిన మనిషి మీ క్రూలో ఉంటే, ఆ వెన్ను పొడుగాటి పెళుసు కడ్డీ లాంటిది. రెండు మెట్ల మీద నుంచి జారినా విరగొచ్చు, ఎక్కువగా మెడ దగ్గర. లేచి నడిచినా, ఎక్స్‌రేలో విరుపు కనబడకపోయినా లేదనుకోవద్దు. అలాంటివాళ్లకు పడిన తర్వాత కొత్తగా నొప్పి వస్తే సీటీ తీస్తారు, ఒకచోట విరిగితే ఇంకోచోట కూడా ఉండొచ్చని వెన్ను మొత్తానికి చూస్తారు, వెన్నుపాము కోసం ఎమ్మారై కూడా తీస్తారు. అంబులెన్సు వచ్చేలోపు అతని మెడను నిటారుగా చేసి కాలర్ బిగించాలని చూడకండి. మెడ రోజూ ఎంత వంగి ఉండేదో అంతే వంపులో కింద దుప్పటి మడత పెట్టి ఆనించండి, కదలనివ్వకండి. వచ్చిన పారామెడిక్కులకు మొదటి మాటగా "ఇతని వెన్ను ముందే అతుక్కుపోయింది" అని చెప్పండి. మా క్రూలో ఇష్టపడి చెప్పినవాళ్ల హెల్మెట్ లోపల ఆ ముక్క ఇంగ్లీషులో రాసి అంటించాం.